సమస్యాపూరణం: తండ్రిఁ జంపి సుతుఁడు ధన్యుఁ డయ్యె

నిర్వాహకులు
ఈ వారం సమస్య:

తండ్రిఁ జంపి సుతుఁడు ధన్యుఁ డయ్యె

వస్తువు వీడియో గేమ్‌ల నుంచి గాని, అంతరిక్ష గాథల నుంచి గాని తీసుకోండి. పురాణాలకు ఈ వారం సెలవు. వీరుడు ఎందుకు కూలాడో పద్యంలోనే తెలియాలి. 'ధన్యుఁడు' అన్న మాటకు జవాబు కూడా పద్యంలోనే దొరకాలి. వీటిలో ఏది లోపించినా, ఛందస్సు ఎంత చక్కగా నడిచినా పూరణగా లెక్కపెట్టం.

పాకాల గట్టు
సెలవు సంగతి చదివే రాస్తున్న.

బభ్రువాహనుండు పార్థునిఁ బడగొట్టె
నాగకన్య తెచ్చె నాగమణిని
శాపముడిగి లేచె సవ్యసాచి మఱల
తండ్రిఁ జంపి సుతుఁడు ధన్యుఁ డయ్యె

ఈ సమస్యకు పుట్టిల్లు అశ్వమేధపర్వం. భీష్ముణ్ణి కూల్చినందుకు వసువులు అర్జునుణ్ణి శపించిన్రు. కొడుకు చేతిల పడితేనే ఆ శాపం తీరుతది. అర్జునుని భార్య, ఆ నాగకన్య ఉలూపి ఆ పిల్లవాణ్ణి తండ్రి మీదికి ఉసిగొల్పింది అందుకే. కొత్త కథలు ఎన్ని తెచ్చినా 'ధన్యుఁడు' ఇంత నిండుగా కుదిరే చోటు ఇంకోటి చూపించుండ్రి.

నిర్వాహకులు
పద్యం నిర్దోషం. రెండో పాదం మళ్ళీ మళ్ళీ చదువుకునేలా ఉంది. కానీ నియమం నియమమే, లెక్కలోకి రాదు.

హన్మకొండ చౌరస్తా
పాకాల అన్న సవాలుకు నా జవాబు. వార్‌క్రాఫ్ట్ మూడో వీడియో గేమ్‌లో తండ్రిని చంపిన రాకుమారుడు ఆర్థస్ మీద:

మంచుకత్తిఁ బట్టి మనసమ్ముకొన్నట్టి
రాకుమారుఁ డేలె రాజ్య మేడ?
శవములె తన సేన, జగమున నేనాఁడు
తండ్రిఁ జంపి సుతుఁడు ధన్యుఁ డయ్యె?

రామప్ప నంది
మూడో పాదంలో శవానికి జగం యతి బాగా పడ్డది. ఎత్తుగడ మాత్రం పాతది. సమస్య ముందట ఏనాఁడు, ఎవఁడు, ఎట్లు అని తగిలించి చివర ప్రశ్న గుర్తు పెడితే ఏ ముడి అయినా విడిపోతది. ముడి విప్పినట్టు గాదు, తాడు కోసినట్టు. ఇది చౌరస్తా తమ్మికి అలవాటే. మొన్నటి సమస్యకూ, అటుమొన్నటి దానికీ ఇదే తాళంచెవి.

ఇంకో మాట. ఆర్థస్ 'అమ్ముకొన్న'డా? ఆ మంచుకత్తి ఫ్రాస్ట్‌మోర్న్ అతని ఆత్మను గుంజుకున్నది గదా. అమ్మేటోడికి ధర తెలుస్తది, పోగొట్టుకునేటోడికి తెల్వది.

హన్మకొండ చౌరస్తా
ధర తెలిసే తీసుకున్నడు అక్కా. కత్తికి శాపమున్నదని తోడున్న మురాడిన్ చదివి చెప్పిండు. నా దేశం నిలుస్తదంటే ఏ శాపమైనా మోస్తనని ఆర్థస్ అన్నంక గదా ఆ మంచు పగిలింది. తెలిసి ఇచ్చిండు కాబట్టి 'అమ్ముకొన్న' ఉంటది. ఆ మాట మార్చను.

ఎక్కడ కూలిండంటే, అందరూ తండ్రి టెరెనాస్ రాజును సింహాసనం ముందట చంపిన దృశ్యమే చెప్తరు. అప్పటికే అంతా అయిపోయింది. 2002 ఆటను వరుసగా చూడుండ్రి. స్ట్రాథోమ్ నగరంలో తెగులు సోకిన ధాన్యం అప్పటికే ఇండ్లకు చేరింది. జనం పిశాచాలుగా మారకముందే చంపాలె అన్నడు. గురువు ఉథర్ కాదన్నడు, ప్రేమించిన జైనా మొహం తిప్పుకొని పోయింది. అక్కడ అతని దగ్గర ఒక కారణమన్నా ఉన్నది. మంచుదేశం నార్త్‌రెండ్‌లో అదీ లేదు. ఇంటికి రమ్మని తండ్రి కబురు పంపితే, సేన తిరిగిపోకుండా తన ఓడలను కిరాయి మూకతోటి తగలబెట్టించిండు. పైగా ఆ నేరం ఆ మూక మీదనే వేసిండు. మొదటిసారి అబద్ధం ఆడింది అక్కడ. సొంత మనుషులను మోసం చేసినంక కత్తి పెద్ద విషయం గాదు.

రామప్ప నంది
ఇంత మంచి సంగతి తెలిసి పద్యంల ఓడ ముక్క ఒక్కటి లేదేంది? వివరణ గొప్పది, పద్యం దాని వెనుకబడ్డది. నియమం 'పద్యంలోనే తెలియాలి' అన్నది.

నిర్వాహకులు
నంది గారి మాట న్యాయం. అసలు ఆర్థస్ కథలో ప్రశ్న గుర్తు లేకుండానే 'ధన్యుఁడు' కుదిరే ఘట్టం ఉంది. తర్వాత వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట 2008 విస్తరణలో, ఐస్‌క్రౌన్ కోటలో ఆర్థస్‌తో పోరాటం చివర టెరెనాస్ ఆత్మే వచ్చి, కూలిన ఆటగాళ్ళను లేపుతుంది. కొడుకు తల ఆ తండ్రి ఒడిలోనే వాలుతుంది. ముగిసిందా అని కొడుకు అడిగితే, ముగిసిందని తండ్రి చెబుతాడు. చంపబడ్డ తండ్రే విడుదల చేశాడు. చౌరస్తా గారు ఆ దారిలో మళ్ళీ ప్రయత్నించాలని మా కోరిక.

ఏనుమాముల పత్తి
నాది స్టార్ వార్స్ సినిమాల నుంచి. కైలో రెన్ మీద (హాను అతని తండ్రి హాన్, 'రేకు' అంటే రే అనే అమ్మాయికి):

కత్తి దిగిన వేళ కన్నబిడ్డని చెంపఁ
దాకి కన్నుమూసె తండ్రి హాను
ఆ స్పర్శ తలఁచి యసువు లిడెను రేకు;
తండ్రిఁ జంపి సుతుఁడు ధన్యుఁ డయ్యె

పాకాల గట్టు
మొదటి రెండు పాదాలకు చేతులెత్తి మొక్కిన. వంతెన మీద పొడిచిన కొడుకు చెంపను తండ్రి నిమురుడు, ఆ సినిమా మొత్తానికి అదే ప్రాణం. దాన్ని పట్టుకున్నవు తమ్మీ.

ఆటవెలది గదా, మూడో పాదం మొదట్లనే కాలు జారింది. 'ఆ స్పర్శ' అంటే గురువు, గురువు, లఘువు. సూర్యగణం కూర్చోవాల్సిన చోట తగణం వచ్చి కూర్చున్నది. దాంతోటి పాదంల ఒక గణమే తక్కువ పడ్డది. సూర్యగణాలు రెండే, గలం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు). రెండూ లఘువుతోనే ముగుస్తయి. అందుకని వాటి నడుమ రెండు గురువులు పక్కపక్కన ఎన్నటికీ పడవు. రాసినంక పాదం మీద గుర్తులు పెట్టి, రెండు గురువులు అంటుకొని కనబడ్డ చోట ఆగాలె. పలుకుబడికి బాగానే ఉన్నట్టు వినిపిస్తది, చెవి మోసం చేసేది ఇట్లాంటి చోటనే.

ఏనుమాముల పత్తి
సరిచేసిన అన్నా:

ఆ కరమ్ము తలఁచి యసువు లిడెను రేకు

పాకాల గట్టు
కుదిరింది. అర్థం కూడా బలపడ్డది. స్పర్శ గాల్లో పోతది, కరం కండ్ల ముందట నిలబడ్తది.

హన్మకొండ చౌరస్తా
గణం కుదిరింది, 'ధన్యుఁడు' కూడా కుదిరింది. 2015లో పొడిచిండు, 2019లో ఆ తండ్రి జ్ఞాపకమే ఎదుట నిలబడితే కత్తిని సముద్రంల పారేసిండు, ఆఖరికి తన ప్రాణం రేకు పోసిండు. కానీ వీడు ఎందుకు కూలిండో పద్యంల ఎక్కడున్నది? నాకు పెట్టిన కొలబద్ద పత్తి తమ్మికి లేదా నంది అక్కా?

రామప్ప నంది
ఉన్నది. అందుకనే నేను ఇంకా మెచ్చుకోలే.

మానేటి ఇసుక
గాడ్ ఆఫ్ వార్ వీడియో గేమ్‌ల వీరుడు క్రేటోస్ మీద రాద్దామని కూర్చున్న. రెండో పాదంల పేరు ఎక్కడ పెట్టినా గణం చెడుతున్నది. ఎవరన్న దారి చెప్పుండ్రి.

పాకాల గట్టు
చెడుతది మరి. 'క్రేటోసు'ల మొదటి రెండూ గురువులే. ఆటవెలదిల సరి పాదాలన్నీ సూర్యగణాలే కాబట్టి అక్కడ ఆ పేరుకు జాగా లేదు. బేసి పాదంల నాలుగో గణంగనో అయిదో గణంగనో పెట్టాలె. నాలుగో చోట పెడితే యతికి 'కే', 'గి' లాంటి అక్షరంతోటి పాదం ఎత్తుకోవాలె. లూకు, హాను లాంటి పేర్లు గలాలు కాబట్టి ఎక్కడైనా ఇముడుతయి. పేరు మొండికేస్తే పేరు వదిలిపెట్టు, గుర్తు చెప్పు చాలు.

రామప్ప నంది
నా పూరణ. స్టార్ వార్స్‌లనే ల్యూక్, ముసుగు తొడిగిన అతని తండ్రి వేడర్ (అసలు పేరు అనాకిన్):

కవచ మూడఁదీసి కన్నీటఁ జూచెను
లోనఁ దొల్లి యున్న లూకు జనకు
చక్రవర్తి మలచు శవమైన ముసుగను
తండ్రిఁ జంపి సుతుఁడు ధన్యుఁ డయ్యె

ఏనుమాముల పత్తి
'ముసుగను తండ్రి'! సమస్య ముందట ఒక్క మాట పెట్టి తండ్రిని రెండు చేసింది అక్క. లోపలి తండ్రి బతికిండు, ముసుగు తండ్రి చచ్చిండు.

హన్మకొండ చౌరస్తా
చమత్కారం ఒప్పుకుంట. వాస్తవం ఒప్పుకోను. ముసుగును చంపింది ల్యూక్ గాదు. చక్రవర్తిని ఎత్తి గోతిల పడేసింది అనాకిన్. ఆ మెరుపులు తగిలి యంత్రాలు చెడి చచ్చిండు. 'చంపి' అన్న క్రియ కొడుకుకు ఎట్ల చెందుతది?

రామప్ప నంది
దానికి ముందట ఏం జరిగింది? ల్యూక్ తండ్రి కుడి చెయ్యి నరికిండు. తెగిన యంత్రపు చెయ్యిని చూసి, తన యంత్రపు చెయ్యిని చూసుకున్నడు. ఇంకొక్క వేటు వేస్తే తనే ఆ ముసుగు తొడుక్కుంటడని అర్థమైంది, కత్తిని అవతల పారేసిండు. ఆ కత్తి పడ్డప్పుడే వేడర్ చచ్చిండు. భార్య పద్మే చనిపోతదేమోనన్న భయంతోటి అనాకిన్ చీకటిని పట్టుకున్నడు, ఆమె పోవుడుకు ఆ పట్టే కారణమైంది. తండ్రి పోగొట్టుకోలేక కూలిండు, కొడుకు వదులుకొని గెలిచిండు.

హన్మకొండ చౌరస్తా
వివరణ గొప్పది, పద్యం దాని వెనుకబడ్డది. ఈ మాట నాతోటి అన్నది మీరే. పద్యంల కత్తి పారేసుడు లేదు.

నిర్వాహకులు
ఇద్దరికీ చెల్లు. అయితే 'చక్రవర్తి మలచు' అన్నప్పుడు పతనానికి కర్త పద్యంలోకి వచ్చేశాడు. కారణం సగం చెప్పినట్టే.

పాకాల గట్టు
చౌరస్తా తమ్మి కోపం ఈనాటిది గాదు. 'చూపు లేనివాఁడు చూపె దారి' సమస్యకు అంతరిక్ష గాథ డ్యూన్ రెండో నవల నుంచి చక్రవర్తి పాల్ అట్రైడీస్‌ను తెచ్చి తమ్మి రాసిన పాదం చూడుండ్రి:

ఇసుకనేల కేగె నేలిక గుడ్డియై

'ఇ'కి 'నే' యతి చెల్లదని నంది అప్పుడు కొట్టేసింది. అది అన్యాయం. 'ఏగెన్, ఏలిక' అని విడదీస్తే నకారం ద్రుతానిది, అచ్చు 'ఏ'. ఇకారానికి ఏకారం చెల్లుతది.

రామప్ప నంది
యతి చెల్లుతది, ఇప్పుడు ఒప్పుకుంట. కానీ నా అసలు అభ్యంతరం భావం మీద. పాల్ కండ్లు పోయిననాడే దారి తప్పలే. రాతిమంట ఆయుధం కండ్లను కాల్చినంక కూడా ముందుచూపుతోటి అన్నీ చూసినట్టే నడిచిండు. కవలలు పుట్టినంక ఆ చూపు పోయింది. గుడ్డివాళ్ళను ఎడారికి వదిలే ఫ్రెమెన్ జాతి కట్టుబాటును అప్పుడు తన మీదనే అమలు చేసుకున్నడు. ఏలికగ ఉండి చట్టానికి తలవంచుడే అక్కడి గొప్ప. ఆ ముక్క పాదంల లేదు.

ఏనుమాముల పత్తి
గుడ్డితనం, ఎడారి అంటున్నరు, మనకు ప్రతాపరుద్రుడు లేడా? 1323ల పట్టుబడి, ఢిల్లీకి తీసుకపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం విడిచిండు. ఒక వారం ఆయన మీద పెట్టరాదా?

నిర్వాహకులు
పెడతాం, కానీ విషాద నాయకుడి కింద కాదు. పెద్ద సేన వచ్చి ఓడించడం వేరు, తన గుణమే తనను కూల్చడం వేరు. సంపెంగ వాగులో దూకిన జంపన్న కూడా ఓడిన వీరుడే, కూలిన వీరుడు కాడు. ఆర్థస్, అనాకిన్ మరో జాతి. వాళ్ళ మంచి గుణమే ఉరితాడైంది.

మానేటి ఇసుక
పాకాల అన్న చెప్పినట్టు పేరు వదిలేసిన. గుర్తు పెట్టిన.

ఆలి సుతల బూది యంటిన మేనితోఁ
గొడుకు కెఱుఁగఁ జెప్పెఁ గుండె విప్పి
"వినకు మెవ్వఁ డన్న వేయిమాఱు లిటుల
'తండ్రిఁ జంపి సుతుఁడు ధన్యుఁ డయ్యె'"

రామప్ప నంది
సమస్యనే అబద్ధం చేసి, ఆ అబద్ధాన్ని నమ్మకని కొడుకుకు చెప్పించిండు! ప్రశ్న గుర్తు లేదు, ముందట అంటించిన మాట లేదు.

బూదితోనే పతనం మొత్తం వచ్చింది. క్రేటోస్ యుద్ధదేవుడు ఏరీస్ మాయల పడి పెండ్లాం బిడ్డలను తన చేతులతోటి చంపిండు. వాళ్ళ బూడిద ఒంటికి అంటుకుపోయింది, అందుకే ఆ తెల్లదనం. 2010 ఆటల కన్నతండ్రి జ్యూస్‌ను చంపిండు, లోకం మునిగింది. 2018 ఆటల బాల్డర్ కన్నతల్లి గొంతు నులుముతుంటే అడ్డంబడి మెడ విరిచిండు. దేవుళ్ళ బతుకు ఎప్పుడూ ఇంతేనా, కొడుకులు కన్నవాళ్ళను చంపుడేనా అని క్రేటోస్ కొడుకు అట్రియస్ అడిగింది అక్కడనే. నేను నా తండ్రిని చంపిన అని క్రేటోస్ కొడుకుకు చెప్పిందీ అక్కడనే. పద్యం సరిగ్గా ఆ చోట నిలబడ్డది.

హన్మకొండ చౌరస్తా
'ధన్యుఁడు'కు జవాబు పద్యంలోనే ఉండాలె గదా? ఇక్కడ ఎవ్వడూ ధన్యుడు కాలే.

నిర్వాహకులు
ఎవడూ కాడు అన్నదే జవాబు. అదీ 'కెఱుఁగఁ జెప్పె' అన్న చోటే ఉంది. దాచుకున్న నేరాన్ని కొడుకు ముందు పెట్టిన తండ్రి కంటే ధన్యుడు ఈ వారం పూరణల్లో లేడు. మానేటి ఇసుకదే మొదటి స్థానం. నంది గారిది రెండోది, పత్తి గారి మొదటి రెండు పాదాలకు ప్రత్యేక ప్రశంస.

హన్మకొండ చౌరస్తా
మానేటి తమ్మికి అభినందనలు, మనస్ఫూర్తిగ. టెరెనాస్ ఆత్మ మీద రెండు పాదాలు అయినయి, మూడో పాదంల ఓడలు తెస్తున్న. నంది అక్క గుర్తులు పెట్టి చూడాలె.

రామప్ప నంది
పెడుతా. ప్రశ్న గుర్తు లేకుండ తే.