డిప్రెషన్‌కి సైలోసైబిన్ సెషన్ అయి పద్నాలుగు నెలలు: అన్నయ్య ‘మారిపోయాను’ అంటున్నాడు, వదిన నవ్వుతోంది

ఉప్పుగాలి (ప్రశ్న)

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. అన్నయ్యా వదినా మెల్‌బోర్న్‌లో ఉంటారు. అన్నయ్యకి డిప్రెషన్ పదేళ్ళ నుంచి ఉంది, మూడు రకాల మాత్రలు మార్చారు, ఏదీ సరిగ్గా పని చెయ్యలేదు. ఆస్ట్రేలియాలో 2023 జులై 1 నుంచి, మందులకి లొంగని డిప్రెషన్‌కి సైలోసైబిన్ రాయడానికి పర్మిషన్ ఉన్న సైకియాట్రిస్టులు కొందరున్నారు కదా, అలా ఓ క్లినిక్‌లో తీసుకున్నాడు. మ్యాజిక్ మష్రూమ్స్‌లో ఉండేదే, కానీ ఇక్కడ కొలిచి ఇచ్చే క్యాప్సూల్. అంతకుముందు వేసుకునే మాత్రలు డాక్టరే మెల్లగా మాన్పించారట. ఆ రోజు కళ్ళకి గుడ్డ, చెవుల్లో సంగీతం, పక్కన ఇద్దరు థెరపిస్టులు, పొద్దున్న పడుకుంటే లేచేసరికి సాయంత్రం. ఖర్చెంతో మాకు చెప్పలేదు గానీ కారు మార్చడం మానుకున్నాడని మాత్రం తెలుసు.

సంక్రాంతికి వచ్చాడు. నాన్నతో తనకి నాలుగేళ్ళుగా సరైన మాటల్లేవు. భోగి రోజు పొద్దున్న నాన్న తన పాత సైకిల్ చైన్‌కి నూనె వేసుకుంటుంటే, అన్నయ్య వెళ్ళి పక్కన పీట వేసుకుని కూర్చుని, గుడ్డ ముక్కతో చక్రం ఊచలు ఒక్కొక్కటే తుడిచాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, అరగంట అలాగే. అమ్మ కిటికీలోంచి చూసి కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ నాతో అన్నాడు, ఆ సెషన్ తర్వాత నేను వేరే మనిషిని, ఇక అది తిరిగి రాదు అని.

ఇంటికొచ్చి వంటింట్లో వదినకి ఇదే చెప్తే నవ్వింది. ‘మొదటి మూడు నెలలూ నిజంగానే వేరే మనిషి. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మళ్ళీ గదిలోకెళ్ళి తలుపేసుకుంటున్నారు. కాకపోతే గడియ పెట్టుకోవట్లేదు’ అంది.

ఇద్దరిలో ఎవరి మాట పట్టుకోవాలి? ఇది ఊరికే కుతూహలంతో అడుగుతున్నది కాదు. గాజువాకలో మా పిన్ని కొడుకున్నాడు, ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఆపేసి ఇంట్లో ఉంటున్నాడు, వాడికి కూడా ఇదే ఇప్పిద్దాం, ఇండియాలో దారేమైనా ఉందేమో చూడు అని అన్నయ్య రోజూ మెసేజ్ పెడుతున్నాడు. తీసుకున్నవాళ్ళు, దీని గురించి చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్

ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చేశాను, డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నా.

మీ ప్రశ్న చాలామంది పరిశోధకులు అడగాల్సినంత గట్టిగా అడగని ప్రశ్న. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 2006లో వేసిన పేపర్ దీనికి మొదలు అనుకోవచ్చు. 36 మందికి సైలోసైబిన్ ఇచ్చారు. వాళ్ళనే 14 నెలల తర్వాత మళ్ళీ అడిగారు (మీ అన్నయ్యదీ పద్నాలుగే, చూడండి), 2008లో వచ్చింది. జీవితంలో అన్నిటికన్నా అర్థవంతమైన ఐదు అనుభవాల్లో ఇదొకటి అని 58 శాతం చెప్పారు, జీవితం మీద తృప్తి పెరిగిందని 64 శాతం. వార్తాపత్రికలూ వీడియోలూ అన్నీ ఈ అంకెలే చెప్తాయి. చెప్పనిదేంటంటే వాళ్ళు డిప్రెషన్ పేషెంట్లు కారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, పైగా అప్పటికే పూజలో ధ్యానమో ప్రార్థనో అలవాటున్నవాళ్ళు. అలాంటివాళ్ళకి దేవుడు కనబడినంత పనైతే మర్చిపోతారా?

కానీ ఆ పరిశోధనలో నాకు నచ్చిన పని ఒకటుంది. తీసుకున్నవాళ్ళ మాటతో సరిపెట్టుకోకుండా, వాళ్ళింట్లోవాళ్ళకీ స్నేహితులకీ తోటి ఉద్యోగులకీ విడిగా ఫోన్ చేసి, మనిషిలో ఏమైనా తేడా కనిపించిందా అని అడిగారు. వాళ్ళూ మంచి మార్పే ఉందన్నారు, కాకపోతే చిన్నది. అంటే మీ వదినగారి నవ్వు అందులో ఒక కొలత కింద లెక్క.

డిప్రెషన్ ఉన్నవాళ్ళ సంగతికొస్తే, అదే హాప్కిన్స్‌లో 24 మందిని ఏడాది పాటు గమనించి 2022లో వేశారు. ఏడాది తర్వాత కూడా 75 శాతం మందిలో లక్షణాలు సగానికి పైగా తగ్గి ఉన్నాయి, 58 శాతం మందికి దాదాపు పోయాయి. బాగుంది. కానీ పక్కన పోల్చుకోవడానికి ఏడాది పాటు మందు తీసుకోని గుంపు లేదు. అదే సంవత్సరం 233 మందితో పెద్ద ట్రయల్ వచ్చింది, అందులో 25 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళలో మూడో వారానికి 37 శాతం మందికి పని చేసింది, పన్నెండో వారం దాకా నిలబడింది 20 శాతానికే. మూడు నెలలు బాగుండి తర్వాత జారడం అంటే మీ వదినగారు ఆ ట్రయల్ చదివే చెప్పినట్టుంది.

ఇక పిన్నిగారబ్బాయి సంగతి. మన దేశంలో సైలోసైబిన్, ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ మూడూ 1985 ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) కిందికొస్తాయి. దారి వెతకొద్దు. ఇంకో మాట, మీ పిన్ని వైపు గానీ బాబాయి వైపు గానీ బైపోలార్ (కొన్నాళ్ళు అతి ఉత్సాహం, కొన్నాళ్ళు కుంగుబాటు), స్కిజోఫ్రీనియా (లేనివి వినబడడం, భ్రమలు) ఎవరికైనా ఉన్నాయా? ఉంటే ట్రయల్స్‌లో కూడా తీసుకోరు.

రిటైర్డ్_పోర్ట్

అమ్మా, నాకు అరవై ఎనిమిది. మా బావమరిది ప్రతి రెండేళ్ళకీ ఒకసారి మారిపోతుంటాడు. ఒకసారి విపశ్యనకెళ్ళి, ఒకసారి మిల్లెట్లు తిని, ఒకసారి సింహాచలం మెట్లు నలభై రోజులు ఎక్కి. ప్రతిసారీ నిజంగానే మారాడు, మూడు నెలలు. కారు మానుకుని డబ్బు పోసినవాడు పని చెయ్యలేదని ఎలా చెప్తాడు? నాకు వెటకారం లేదు, అడుగుతున్నా అంతే.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్

పెద్దాయన అడిగింది సరైనదే, ఈ రంగంలో ఇదే పెద్ద తలనొప్పి. మామూలు మాత్రల ట్రయల్‌లో ఎవరికి మందు ఎవరికి ఉత్త గోళీ అన్నది పేషెంటుకి తెలీదు. ఇక్కడ గోడలు ఊపిరి పీలుస్తున్నట్టు కనబడుతుంటే తనకేం పడిందో ఎవరికి తెలీదు చెప్పండి? మందు పడినవాడికి ఆశ పెరుగుతుంది, పడనివాడు నీరుగారిపోతాడు, రెండూ అంకెల్లోకి ఎక్కుతాయి. అమెరికాలో పీటీఎస్‌డీకి (ఘోరమైన అనుభవం తర్వాత వదలని మానసిక గాయం) ఎండీఎంఏ థెరపీని 2024 ఆగస్టులో అక్కడి మందుల అనుమతి సంస్థ ఎఫ్‌డీఏ తిప్పి పంపింది, అంతకుముందు సలహా కమిటీలో మాట్లాడుకున్నవాటిలో ఇదీ ఒకటి.

ఇంకో పాత కథ. 1962లో గుడ్ ఫ్రైడే రోజు బోస్టన్‌లో ఒక చర్చిలో వేదాంత విద్యార్థులు ఇరవై మందిలో పదిమందికి సైలోసైబిన్ ఇచ్చారు. దాదాపు పాతికేళ్ళ తర్వాత రిక్ డాబ్లిన్ అనే ఆయన వాళ్ళని వెతికి పట్టుకుని మాట్లాడాడు. తీసుకున్నవాళ్ళు చాలామంది అప్పటికీ అది తమ జీవితంలో మంచి రోజే అన్నారు. కానీ ఒకతను ఆ రోజు అదుపు తప్పితే మత్తు ఇంజెక్షన్ ఇవ్వాల్సొచ్చిందని, మొదటి రిపోర్టులో ఆ ముక్కే రాయలేదని కూడా అప్పుడే బయటపడింది. మంచిని చెప్పేవాళ్ళు తప్పులు దాచాలనుకోరు గానీ, రాయడం మర్చిపోతారు.

మద్దిలపాలెం_జంక్షన్

నేను తీసుకున్నవాడిని, కానీ సైలోసైబిన్ కాదు, కెటమిన్. అది అసలు మత్తు డాక్టర్లు ఆపరేషన్లకి వాడే మందు, ఇక్కడ చట్టప్రకారం ఆసుపత్రిలో ఇస్తారు, మందులు పట్టని డిప్రెషన్‌కి కొందరు సైకియాట్రిస్టులు తక్కువ మోతాదులో వాడతారు. మన ఊళ్ళోనే, పేరు చెప్పను, మూడు వారాల్లో ఆరు సిట్టింగ్‌లు. చేతికి డ్రిప్, నలభై నిమిషాలు, పక్కన బీపీ మిషన్ గుయ్ గుయ్‌మంటుంటుంది. మొదటిసారి మంచం సముద్రం మీద తేలుతున్నట్టనిపించింది, రెండోసారి భయమేసింది, మూడోసారి నుంచి ఏమీ పెద్దగా గుర్తులేదు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. మొదలుపెట్టక ముందే మా ఆవిడ గోడ మీద క్యాలెండర్లో ఒక పని మొదలుపెట్టింది, నాకు చెప్పలేదు. తొమ్మిదిలోపు నేను స్నానం చేస్తే ఆ తేదీ గడిలో చిన్న టిక్కు, చెయ్యకపోతే ఖాళీ. అంతే, ఇంకేమీ లేదు. ఆరు సిట్టింగ్‌లూ అయిన రెండున్నర నెలలకి డాక్టర్ గారు ఎలా ఉన్నారు అంటే నేను ‘రెండు నెలలు ఫుల్లు బాగున్నానండీ, ఈ పది రోజులే కొంచెం డల్’ అన్నాను. ఒట్టు, అబద్ధం చెప్పలేదు, నాకలాగే గుర్తుంది. ఇంటికెళ్ళాక ఆవిడ క్యాలెండర్ తీసి ఒళ్ళో పెట్టింది. చివరి సిట్టింగ్ తర్వాత వరసగా పంతొమ్మిది టిక్కులు. ఆ తర్వాత రెండు ఖాళీ, ఒక టిక్కు, నాలుగు ఖాళీ. నేను చాలాసేపు ఆ గళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నా.

అలాగని వేస్టయిందని కాదు. ఆ పంతొమ్మిది రోజుల్లో పొద్దున్నే బీచ్ రోడ్ మీద నడవడం మొదలెట్టా, అది ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత డాక్టర్ గారు మాత్రలు మార్చారు, మాట్లాడే థెరపీ కూడా పెట్టారు, ఇప్పుడు పర్వాలేదు. మందు తలుపు తీసింది, లోపల ఊడ్చుకోవడం మాకే మిగిలింది. మీ వదినగారిని ఒక క్యాలెండర్ కొనుక్కోమనండి.

లైట్‌హౌస్_77

ఏటండీ, అందరూ మేలు ఎన్నాళ్ళు నిలిచిందనే చెప్తున్నారు, నాది కూడా రాస్తాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఫ్రెండ్స్‌తో కొడైకెనాల్ వెళ్ళి మష్రూమ్స్ తిన్నాను. థెరపీ లేదు, డాక్టర్ లేడు, ఏమీ లేదు, కుర్రతనం. ఆ రాత్రి ఏమీ కాలేదు, నవ్వుకున్నాం. రెండు వారాల తర్వాత మొదలైంది. వీధి దీపాల చుట్టూ వలయాలు, చెయ్యి ఊపితే వెనకాల చెయ్యి తోక, తెల్లగోడ మీద చీమలు పాకుతున్నట్టు. ఆరేళ్ళైంది. తగ్గింది, పోలేదు. రాత్రి బండి నడపను. న్యూరాలజిస్టు స్కాన్ తీసి ఏమీ లేదన్నారు, తర్వాత సైకియాట్రిస్టు హెచ్‌పీపీడీ (ఇలాంటి మందుల తర్వాత చూపులో భ్రమలు మిగిలిపోవడం) అని పేరు చెప్పారు, పేరు తెలిశాక సగం టెన్షన్ తగ్గింది, అది కూడా నిజమే. ఇలాంటివి తక్కువ మందికే వస్తాయట. ఆ తక్కువ మందిలో ఒకణ్ణి మీతో మాట్లాడుతున్నా. మీ తమ్ముడికి వద్దు.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్

లైట్‌హౌస్ గారూ, రాసినందుకు థాంక్స్. బయట సొంతంగా తీసుకుని చేదు అనుభవం అయినవాళ్ళ మీద హాప్కిన్స్ వాళ్ళే ఒక సర్వే చేశారు, 2016లో వచ్చింది, 1,993 మంది. అది జీవితంలోకెల్లా కష్టమైన ఐదు అనుభవాల్లో ఒకటని 39 శాతం చెప్పారు, చిత్రం ఏంటంటే 84 శాతం దానివల్ల మేలే జరిగిందన్నారు. ఏడాది దాటినవాళ్ళలో 7.6 శాతం మంది మాత్రం వదలని మానసిక లక్షణాలకి వైద్యం చేయించుకున్నారు. ఇందులోనూ ఒక మెలిక ఉంది, బాగా దెబ్బతిన్నవాళ్ళు కూర్చుని ఆన్‌లైన్ సర్వే నింపుతారా?

ఉప్పుగాలి

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి వదినకి ఫోన్ చేసి క్యాలెండర్ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. క్లినిక్ నుంచి అన్నయ్యకి మొదట్లో నెలనెలా ఫారం వచ్చేదట, ఎలా ఉన్నారు, పదికి ఎంత వేస్తారు అని. అన్నయ్య తొమ్మిది వేసేవాడట. ‘నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు’ అంది. నువ్వైతే ఎంత వేస్తావు అన్నాను. ఆరు అంది. స్పీకర్‌లో ఉన్నట్టుంది, వెనకనుంచి అన్నయ్య ‘ఆరేనా?’ అని అరిచాడు. ‘సెషన్ ముందు రెండు వేసేదాన్ని’ అని వదిన తిరిగి అరిచింది. తర్వాత ఇద్దరూ ఏదో గొడవ పడుతూ నవ్వుకుంటున్నారు, నేను ఫోన్ పెట్టేశాను.

పిన్నినీ అడిగాను. అమ్మావాళ్ళ నాన్నకి, అంటే మా తాతయ్యకి, నలభైల్లో ఒకసారి నెల రోజులు నిద్ర లేకుండా ఊరంతా తిరిగి, పొలం ఎవరికో రాసిచ్చేసి, తర్వాత రెండేళ్ళు మంచం దిగలేదట. అప్పట్లో గాలి సోకిందన్నారు. మా తరానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అన్నయ్యకి కూడా తెలీదు, చెప్తే ఫోన్‌లో గొంతు మారిపోయింది, ‘అక్కడి డాక్టర్లు ఇంట్లో ఎవరికైనా ఉందా అని రెండుసార్లు అడిగారు, లేదన్నాను’ అన్నాడు. వెంటనే తన డాక్టర్‌కి మెయిల్ పెట్టాడు. తమ్ముడి గురించి ఇంక మెసేజ్‌లు లేవు.

గురువారం తమ్ముణ్ణి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాం, పిన్నీ నేనూ. వాడు వస్తానన్నాడు, అదే పెద్ద విషయం. వాడి పాత మందుల చీటీలు చాలావరకు పోయాయి, రెండో మూడో ఉన్నాయి. సరిపోతాయా?

మద్దిలపాలెం_జంక్షన్

సరిపోతాయి. వాడిన మాత్రల అట్టలు ఇంట్లో ఎక్కడైనా పడుంటే అవీ తీసుకెళ్ళండి, ఖాళీవైనా సరే. తాతగారి సంగతి పిన్నిగారి చేతే చెప్పించండి, మీరు చెప్పకండి, ఆవిడకైతే ఇంకా గుర్తొస్తాయి. మధ్యలో రాత్రిపూట ఏదైనా కంగారైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు.