అప్‌డేట్: పొగబెట్టిన సాల్మన్ డబ్బా తెరిచేశాం

పోయిన వారం అడిగాను గదా, మా బావ అమెరికా నుంచి తెచ్చిన సాల్మన్ చేప డబ్బా, పొగబెట్టి చైనాలోని సిచువాన్ వాళ్ల కారం నూనెలో వేసింది, వండాలా అట్నే తినొచ్చా అని. వండక్కర్లేదన్నవాళ్లదే రైటు. మూత బిగించాక డబ్బాతో సహా వేడిచేస్తారు, చేప అందులోనే ఉడికిపోతుంది.

నిన్న మధ్యాహ్నం తెరిచాం. ముందు గుప్పుమన్నది పొగ వాసనే. మా అవ్వ "ఏందిరా ఇది, పొయ్యిలో కాల్చిన ఎండుచేప మాదిరుంది" అనింది గానీ, రెండో ముక్క అడిగి మరీ వేయించుకుంది. కారం మాత్రం మన నెల్లూరు నోటికి ఆనలేదు. మంట కాదు, నాలుకంతా తిమ్మిరి! అది మిరపకాయ పని కాదు, సిచువాన్ మిరియాలది. పేరుకే మిరియాలు, నిజానికి నిమ్మ కుటుంబం చెట్టువి.

బ్రెడ్డుతో తేలిపోయింది. వేడన్నంలో ఆ నూనెతో సహా కలిపి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటే కుదిరింది. పులుసులో వేయమన్నవాళ్లు ఏమనుకోవద్దు, చింతపండు పడితే ఆ పొగ వాసన ఏమయ్యేదో. మిగిలిన రెండు ముక్కలు గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టా.

మళ్లీ తెమ్మంటానా? ఊహూఁ. ఆ డబ్బుకి మామిడికాయ వేసిన చేపల పులుసు ఇంటిల్లిపాదికీ వస్తుంది.