బడి ఆవరణలో పిల్లలకు ఏం చూపించాలి?

ప్రశ్న
నమస్కారం. నాలుగో తరగతికి చెప్తాను. మా బడి ఆవరణ చిన్నది. ఒక వేపచెట్టు, గోడవారగా నిమ్మచెట్టు, మిగతాదంతా గట్టినేల. జీవుల పాఠం కోసం పిల్లల్ని బయటికి తీసుకెళ్తే పది నిమిషాలకే ఆటల్లో పడిపోయారు. "ఇక్కడేం లేదు కదా టీచర్" అంది ఒక పాప. ఆ మాటే మనసులో తిరుగుతోంది. ఏం చూపించమంటారు?

జవాబు 1
నిమ్మచెట్టుంది కదా మేడమ్, దానితోనే మొదలుపెట్టండి. లేత ఆకులు వెతికించండి. పిట్ట రెట్టలా కనిపించేది కొన్నిసార్లు రెట్ట కాదు, సీతాకోకచిలుక పిల్లపురుగు. పిట్టలు తినకుండా దానికా రూపం. పెరిగాక పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. మా పిల్లలు మొదటిసారి వెనక్కి గెంతారు, వెంటనే ఇంకా దగ్గరికి వచ్చారు.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. పురుగును సీసాలో పెట్టి తరగతిలో ఉంచాను. సెలవు వచ్చింది, ఆకులు ఎండిపోయాయి, పురుగు చచ్చిపోయింది. ఇప్పటికీ బాధే. చెట్టు మీదే ఉంచి, ఆ కొమ్మకు రంగు దారం కట్టించండి. రోజూ రెండు నిమిషాలు చూస్తే చాలు. పేర్లు కూడా ముందే చెప్పకండి. కాళ్లు లెక్కపెట్టమనండి. చీమకు ఆరు, సాలీడుకు ఎనిమిది అని వాళ్లే కనిపెట్టాలి.

జవాబు 2
గట్టినేల కూడా పనికొస్తుంది. నలుగురికి ఒక తాడిచ్చి మీటరు చదరం గడి వేయించండి, వాళ్ల గడి మాత్రమే చూడాలి. చీమల బారు దొరికితే దారికి అడ్డంగా నేలను తడిగుడ్డతో తుడవండి. వాసన జాడ తెగి కాసేపు తికమకపడతాయి. కుట్టే చీమల జోలికి మాత్రం వద్దు. రాళ్లు ఎత్తాల్సి వస్తే మీరే ఎత్తండి, తేళ్లుంటాయి.

ప్రశ్న అడిగినవారు
సార్, రెండు పురుగులు దొరికాయి! "ఇక్కడేం లేదు" అన్న పాపే దారం కట్టింది. ఈరోజు బెల్లు కొట్టకముందే వచ్చి చూస్తే ఒకటే ఉందట. పిట్ట ఎత్తుకెళ్లినట్టుంది. ఏడుస్తోంది. ఏం చెప్పను?

జవాబు 1
నిజమే చెప్పండి మేడమ్. ఏడుపు ఆగాక, వేపచెట్టు మీద పిట్టగూడు ఉందేమో తనతోనే వెతికించండి.