ప్రైవేట్ మిద్దెతోట గ్రూపు మీద పీహెచ్‌డీ: సభ్యులకు చెప్పి చదవాలా, చెప్పకుండానా?

మిద్దె_మందారం:

అందరికీ నమస్కారం. నేను సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆన్‌లైన్ గ్రూపుల్లో కట్టుబాట్లు ఎలా పుడతాయి, వాటిని ఎవరు నిలబెడతారు అన్నది నా అంశం. అందుకు మిద్దెతోటల ఫేస్‌బుక్ గ్రూపు ఒకటి ఎంచుకున్నాను. ప్రైవేట్ గ్రూపు. చేరాలంటే మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి, అడ్మిన్ ఒప్పుకోవాలి. పీహెచ్‌డీ ఊసు లేనప్పటి నుంచీ నేను అందులో ఉన్నాను. మా డాబా మీద కాసే పొట్లకాయలన్నీ ఆ గ్రూపు చలవే.

మా గైడ్ గారు అంటున్నది ఇది: "నువ్వు ఎలాగూ మెంబరువే కదా, పోస్టులు కాపీ చేసుకుని పని మొదలుపెట్టు. ముందే చెబితే అందరూ జాగ్రత్తపడతారు, డేటా పాడవుతుంది." ఆయన మాటలో నిజం లేకపోలేదు. కానీ నాకు మనసు ఒప్పడం లేదు.

రెండో సందేహం, అసలు కట్టుబాటును ఎక్కడ వెతకాలి అని. గ్రూపు పైన పిన్ చేసిన రూల్స్ ఉన్నాయి: అమ్మకాలు వద్దు, రాజకీయాలు వద్దు, రసాయన మందుల పేర్లు వద్దు. నాకు ఆసక్తి కలిగించేవి మాత్రం అక్కడ రాసి లేనివి. ఉదాహరణకు విత్తనాల సంగతి. ఎవరైనా దేశవాళీ బీర గింజలు ఉన్నాయని పెడితే, కావాల్సినవాళ్లు సొంత అడ్రసు రాసి స్టాంపు అంటించిన కవరు పంపుతారు. గింజలు ఉచితం. కాయ కాశాక మాత్రం ఫొటో పెట్టి, గింజలు ఇచ్చినవాళ్ల పేరు రాయాలి. ఆ కాయల్లో ఒకటి ముదరనిచ్చి, గింజ తీసి, మరొకరికి పంపాలి. ఇది ఏ రూల్స్‌లోనూ లేదు. అయినా ఒకావిడ కాయల ఫొటో పెట్టి పేరు రాయకపోతే, కింద ఎవరో ఒకరు మెల్లగా "ఈ గింజలు ఎవరి దగ్గర నుంచి వచ్చాయండీ? చాలా బాగున్నాయి" అని అడుగుతారు. నిలదీయడం ఉండదు. ఆవిడకు అర్థమవుతుంది, వెంటనే పోస్టు ఎడిట్ చేసి పేరు చేరుస్తుంది.

నేను రాయాలనుకుంటున్నది ఈ "ఎవరి దగ్గర నుంచి వచ్చాయండీ" గురించే. కానీ ఆ మాట అన్న మనిషికి తన మాట ఒక థీసిస్‌లోకి వెళుతోందని తెలియకపోతే ఎలా? ఈ రంగంలో పనిచేసినవాళ్లు, గ్రూపులు నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

గోదారిగట్టు:

మందారం గారూ, ఇదే రంగంలో మాస్టర్స్ చేసి, ఇప్పుడు అమెరికాలో ఇదే పని చేస్తున్నాను. రెండు ఉదాహరణలు చెబుతాను. మీ గైడ్ గారికీ చూపించండి.

మొదటిది జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లది. రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో చేంజ్ మై వ్యూ అని ఒక పెద్ద గ్రూపు ఉంది. ఒకరు తమ అభిప్రాయం పెడతారు, మిగతావాళ్లు వాదించి దాన్ని మార్చడానికి ప్రయత్నిస్తారు. మనసు మారితే మారిందని ఒప్పుకుని డెల్టా గుర్తు ఇస్తారు. ఆ నిజాయితీ మీదే గ్రూపు మొత్తం నిలబడి ఉంది. పరిశోధకులు అక్కడ నెలల తరబడి ఏఐతో వెయ్యికి పైగా కామెంట్లు రాయించారు. అత్యాచార బాధితుడిగా, మానసిక గాయాల కౌన్సెలర్‌గా, రకరకాల మనుషుల్లా నటిస్తూ రాయించారు. చెప్పకుండా ఏఐ వాడకూడదన్నది ఆ గ్రూపు రూల్. ఇదంతా 2025 ఏప్రిల్‌లో మాడరేటర్లు, అంటే గ్రూపు నడిపేవాళ్లు, సభ్యులకు చెబితే బయటపడింది. జనం మండిపడ్డారు, విశ్వవిద్యాలయం ప్రధాన పరిశోధకుణ్ని హెచ్చరించింది, ఫలితాలు ప్రచురించబోమని పరిశోధకులు ఒప్పుకోవాల్సి వచ్చింది. అంత పనీ వృథా. అంతకన్నా బాధ ఏమిటంటే, అప్పటి నుంచి అక్కడ ఎవరైనా సొంత గోడు చెప్పుకుంటే చదివేవాళ్లకు "నిజంగా మనిషేనా" అన్న అనుమానం. ఆ నష్టాన్ని పూడ్చేది ఎవరు?

రెండోది రెడిట్‌లోనే సైన్స్ గ్రూపు. 2016లో నాథన్ మటియాస్ అనే పరిశోధకుడు అక్కడి మాడరేటర్లతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. కొన్ని చర్చల్లో పైనే గ్రూపు నియమాలు కనిపించేలా ఒక కామెంట్ అంటించారు, కొన్నిట్లో లేదు. ఏది ఎక్కడన్నది లాటరీ పద్ధతిలో. మొత్తం 2,190 చర్చలు. నియమాలు పైన కనిపించిన చోట, కొత్తవాళ్లు నియమం పాటించే అవకాశం 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. దాన్ని ఎవరైనా ఊహించగలరు. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే: మాట్లాడే కొత్తవాళ్ల సంఖ్య సగటున 70 శాతం పెరిగింది. రూల్స్ చూపిస్తే జనం భయపడి పారిపోతారని అంతా అనుకుంటాం. ఇక్కడ తిట్టేవాళ్లను అదుపులో పెట్టేవాళ్లున్నారని తెలిసేసరికి నోరు విప్పే ధైర్యం వచ్చింది.

రెండు పరిశోధనలూ కట్టుబాట్లున్న చోటే జరిగాయి. ఒకటి వాళ్ల కట్టుబాటును తొక్కుకుంటూ వెళ్లింది, రెండోది వాళ్లతో కలిసి కూర్చుంది. "చెబితే డేటా పాడవుతుంది" అన్నవాళ్లకు నా జవాబు రెండోదే.

ఇక ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు: ఈశ్వర్ చంద్రశేఖరన్ బృందం 2018లో ప్రచురించిన పని చదవండి. రెడిట్‌లోని 100 పెద్ద గ్రూపుల్లో, 10 నెలల్లో మాడరేటర్లు తీసేసిన 28 లక్షల కామెంట్లు పరిశీలించారు. కొన్ని కట్టుబాట్లు దాదాపు అన్ని గ్రూపుల్లోనూ ఉన్నాయి, బూతులు, ద్వేషం వంటివి కుదరవని. మరికొన్ని, కొన్ని గ్రూపుల్లోనే ఉన్నాయి. ఇంకొన్ని ఒక్కో గ్రూపుకే సొంతం. మీ గింజల కట్టుబాటు ఈ మూడో రకం.

---

కొత్తిమీర_కట్ట:

ఇంత టెన్షన్ ఎందుకండీ? 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం, మనిషి తనంతట తానే పబ్లిక్‌గా పెట్టిన సమాచారానికి ఆ చట్టం వర్తించదు. ఫేస్‌బుక్‌లో రాసిందంతా బయటి మాటే కదా.

---

గోదారిగట్టు:

కొత్తిమీర గారూ, మీరన్న మినహాయింపు ఉంది. కానీ మూడు ప్రశ్నలడిగి లోపలికి రానిచ్చే గ్రూపులో రాసినదాన్ని పబ్లిక్ అనడం కష్టం. పైగా, చట్టం అడ్డుపడకపోయినంత మాత్రాన పని సబబైపోదు. 2012లో ఫేస్‌బుక్ 6,89,003 మంది ఫీడ్‌లో ఒక వారం పాటు సంతోషపు పోస్టులో, బాధ పోస్టులో తగ్గించి చూసింది. కంపెనీ షరతులకు అందరూ ఒప్పుకున్నట్టే లెక్క అన్నారు. 2014లో అది పత్రికలో వచ్చాక ఎంత గొడవైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

---

చివరి_ఆయకట్టు:

అమ్మా మందారం, మాది కర్నూలు జిల్లా. తుంగభద్ర దిగువ కాలువ కింద చివరి ఊళ్లలో ఒకటి. నాకు కంప్యూటర్ గ్రూపుల పరిశోధన తెలియదు గానీ, నువ్వు రాసిన గింజల ముచ్చట చదివితే మా కాలువ గట్టు గుర్తొచ్చింది.

ఇంగ్లండు నుంచి రాబర్ట్ వేడ్ అనే ఆయన మా జిల్లాలో కాలువ కింది పల్లెలు తిరిగి పరిశోధన చేసినాడు. 1988లో పుస్తకం వేసినాడు. కొన్ని ఊళ్లలో రైతులంతా కలిసి, డబ్బు పోగుచేసి, నీళ్లు పారించేదానికి మనుషుల్ని, పైరు కాపలాకు మనుషుల్ని పెట్టుకుంటారు. కొన్ని ఊళ్లలో ఏమీ ఉండదు. ఎందుకు ఈ తేడా అన్నది ఆయన ప్రశ్న. తేలింది ఏందంటే, కాలువ మొదట్లో నీళ్లు పుష్కలంగా ఉండే ఊళ్లకు ఆ అవసరం తక్కువ. చివరన ఉండి, నీళ్లు అందక పంట ఎండే భయం ఉన్న ఊళ్లే కట్టుబాటు చేసుకుంటాయి. మంచితనం ఒక ఊళ్లో ఎక్కువ, ఒక ఊళ్లో తక్కువ అని కాదు.

ఎలినార్ ఒస్ట్రమ్‌కు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది కదా, ఉమ్మడి వనరుల మీద పనిచేసినందుకు. ఆమె వేడ్ పని కూడా చదివింది. ఆమె చెప్పిన వాటిల్లో నాకు బాగా నచ్చింది: తప్పు చేసినోడికి మొదటిసారే పెద్ద శిక్ష వెయ్యకూడదు. మొదట చిన్న మాట, మళ్లీ చేస్తే కొంచెం గట్టిగా, అట్లా మెట్లు మెట్లుగా పోవాలి. కాపలా కూడా బయటోళ్లు కాదు, ఆ నీళ్ల మీద బతికేటోళ్లే చూసుకోవాల, లేదా వాళ్లకు జవాబు చెప్పేటోళ్లు చూడాల.

"ఎవరి దగ్గర నుంచి వచ్చాయండీ" అంటే అదే మొదటి మెట్టు తల్లీ. రెండో మెట్టు ఏందో, మూడోది ఏందో నువ్వు చూసినావా? పేరు రాయనోళ్లకు మళ్లీసారి గింజలు పోవా? అది రాయి నీ థీసిస్‌లో. ఇంకొకటి చూడు, ఆ గింజలు బజార్లో దొరికేవైతే ఈ మర్యాద ఉంటుందా?

---

రచ్చబండ_మిత్రుడు:

తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. మా దగ్గర లెక్క వేరు. ప్రతి మార్పూ, ప్రతి చర్చా చరిత్రలో అందరికీ కనిపిస్తుంది, అది తెలిసే రాస్తాం. అయినా పరిశోధకులు ముందు రచ్చబండ పేజీలో, అంటే మేమంతా కలిసి చర్చించుకునే చోట, ఒక మాట చెప్పి మొదలుపెడితే మాకు గౌరవంగా ఉంటుంది.

పనికొచ్చేది ఒకటి చెబుతాను. ఇంగ్లిష్ వికీపీడియాలో చురుగ్గా రాసేవాళ్ల సంఖ్య 2007లో శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్ బృందం 2013లో దీనికి కారణం వెతికింది. కొత్తవాళ్లలో సదుద్దేశంతో వచ్చేవాళ్ల వాటా తగ్గలేదు. అలాంటివాళ్లు రాసింది కూడా తిప్పికొట్టడం పెరిగింది, అందులో ఆటోమేటిక్ పనిముట్లు, ముందే రాసిపెట్టిన హెచ్చరికలు చాలా ఉన్నాయి. విధ్వంసాన్ని ఆపడానికి కట్టిన గోడ కొత్తవాళ్లకు కూడా అడ్డమైంది. కాబట్టి మందారం గారూ, మీ గ్రూపు కట్టుబాటు ఎంత బాగుందో రాసేటప్పుడు, దాని వల్ల మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్లను కూడా వెతకండి. వాళ్లు పోస్టుల్లో కనబడరు.

---

పెసరట్టు_అడ్మిన్:

నేను వంటల గ్రూపు ఒకటి నడుపుతున్నాను. సూటిగా చెబుతాను. ఎవరైనా చదువు కోసం మా గ్రూపు చూస్తామంటే కాదనను. చెప్పకుండా చూస్తే మాత్రం బ్లాక్ చేస్తాను, సభ్యులకు కూడా చెబుతాను. మా దగ్గర ఒకావిడ అత్తగారితో గొడవ గురించి రాసింది, పప్పుచారు పోస్టు కింద. ఆవిడ రాసింది మా నలుగురి కోసం.

తీసేసిన కామెంట్ల లెక్కలు చెప్పారే, అది సగమే. నేను కామెంట్ తీసేది చివరాఖరికి. అంతకు ముందు మెసెంజర్‌లో ఎంత మాట్లాడతామో, ఎన్నిసార్లు బతిమాలుతామో అందులో రాదు. మాతో కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

---

మిద్దె_మందారం:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. చివరి ఆయకట్టు గారూ, మీ ప్రశ్న పట్టుకుని పాత పోస్టులు మళ్లీ చదివాను. రెండో మెట్టు ఉంది. పేరు రాయడం మానేసినవాళ్లు మళ్లీ గింజలు అడిగితే ఎవరూ లేవనరు. "అయిపోయాయండీ, వచ్చే సీజన్‌లో చూద్దాం" అంటారు. అదే పోస్టు కింద మరొకరు అడిగితే ఉంటాయి! ఇన్నాళ్లూ నేను దాన్ని నిజంగా అయిపోవడం అనుకుంటూ దాటేశాను. మీ రెండో మాట కూడా నిజమే. హైబ్రిడ్ టమాటా గింజల పోస్టుల కింద ఎవరూ పేర్లు అడగడం లేదు. నాటు బీర, నల్ల పసుపు, ఎర్ర బెండ, ఇలా దొరకనివాటికే ఈ పట్టింపు.

పెసరట్టు గారి మాట కూడా కళ్లారా చూశాను. చిక్కుడుకు పేనుబంక పట్టిందని ఒక కొత్తాయన అడిగితే, ఎవరో రసాయన మందు పేరు రాశారు. అడ్మిన్ తీసెయ్యలేదు. ముగ్గురు పాతవాళ్లు వచ్చి "మన దగ్గర ఇది వాడం అన్నా, వేపనూనెలో కుంకుడు రసం కలిపి ఆకు అడుగున కొట్టండి, సాయంత్రం పూట" అని రాశారు. ఆ మందు పేరు రాసినాయనే మర్నాడు తన కామెంట్ తనే తీసేసుకున్నాడు. తొలగింపుల లెక్కలో ఇది ఎక్కడా పడదు, నాకు మాత్రం ఇదే అసలు అధ్యాయం.

గైడ్ గారితో మాట్లాడాను. సైన్స్ గ్రూపు ప్రయోగం గురించి చెప్పాక మెత్తబడ్డారు. ముందు అడ్మిన్లను అడుగుతాను, వాళ్లు ఒప్పుకుంటే గ్రూపులో పోస్టు పెడతాను. వద్దన్నవాళ్ల మాటలు ముట్టుకోను. పాత పోస్టులు వాడాల్సి వస్తే రాసినవాళ్లను విడిగా అడుగుతాను. ఒక్క సందేహం మిగిలింది. థీసిస్ ఇంగ్లిష్‌లో కాబట్టి మాటలు అనువాదంలోనే వస్తాయి, వెతికినా దొరకవు. కానీ తెలుగు మూలం అనుబంధంలో పెట్టమంటున్నారు.

---

గోదారిగట్టు:

పెట్టకండి. తెలుగు మూలం యథాతథంగా ఉంటే, గ్రూపులో ఉన్న ఎవరైనా సెర్చ్‌లో కొట్టి మనిషిని పట్టుకోగలరు. పేరు మార్చినా లాభం లేదు. పరీక్షకులకు చూపించాల్సి వస్తే మూలం విడిగా, సీల్డ్ కవర్లో ఇచ్చే వీలుందేమో మీ డిపార్ట్‌మెంట్‌ను అడగండి. అసోసియేషన్ ఆఫ్ ఇంటర్నెట్ రీసెర్చర్స్ వాళ్ల పరిశోధన నైతికత మార్గదర్శకాలు 2002 నుంచీ ఉన్నాయి, కొత్త కూర్పులు కూడా వచ్చాయి. వాటిని జత చేసి అడిగితే కాదనడం కష్టం. ఇంకోటి, నల్ల పసుపు పండించేవాళ్లు మీ గ్రూపులో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మొక్క పేరు రాసినా మనిషి తెలిసిపోతుంది. అలాంటి చోట మొక్క పేరు కూడా మార్చండి.

---

చివరి_ఆయకట్టు:

అడ్మిన్‌ను అడిగేటప్పుడు నువ్వు పెట్టబోయే పోస్టు ముందు ఆమెకే చూపించు తల్లీ. ఆమె చేత్తో రెండు మాటలు మార్చనీ. అప్పుడు అది గ్రూపు పోస్టు అయితాది.