పాత హిమాలయన్ 411 ముందు ఫోర్కులు: స్ప్రింగులా, ఎమ్యులేటర్లా, మొత్తం యూఎస్‌డీయేనా?

ఎర్రమట్టి_21 (నల్గొండ)
అన్నలూ, బండి 2017 హిమాలయన్ 411. నేను 88 కిలోలు. రాచకొండ దిక్కు రాళ్లదారిల మూడు బాధలు. ఒకటి, చిన్న గుండు మీదికి ఎక్కినా ఫోర్కు అడుక్కు దిగి ఠంగుమంటది. రెండు, ఎడమ పైపు కాడ ఆయిల్ చెమ్మ. మూడు, ముందు బ్రేకు పడితే హ్యాండిల్ల కటక్‌మని తగుల్తది. స్ప్రింగులు మార్చాల్నా, ఎమ్యులేటర్లు (ఫోర్కుల ఆయిల్ పారుడును సరిజేసే చిన్న వాల్వులు) వెయ్యాల్నా, కొత్త హిమాలయన్ 450ది యూఎస్‌డీ (తలకిందుల ఫోర్కు) సెట్టు ఎక్కియ్యాల్నా? 15 వేలల్ల ఒడవాలె.

దేవరకొండ_డర్ట్
యూఎస్‌డీ సంగతి మర్చిపో తమ్మీ. నీ పైపులు 41 మి.మీ., అవి 43. టీ (రెండు పైపులను పట్టుకునే క్లాంపు) మొత్తం మారాలె. డిస్కు నీది 300, దానిది 320. అంటే చక్రం, ఇరుసు, క్యాలిపరు అన్నీ ఎంబడే రావాలె. స్టెమ్ము (టీ నడుమ కడ్డీ) కొలత కలవకపోతే లేత్ మీద కొత్తది తిప్పి టీలకు ప్రెస్ చెయ్యాలె. ఆడ ఎవడన్న వెల్డింగ్ పెడితే ఆ బండి నేనైతే ఎక్క. ఇదంతా అయినంక ఆఫ్‌సెట్టు (స్టెమ్ముకు, పైపులకు నడుమ ఎడం) మారితే ట్రెయిల్ (స్టీరింగు గీత నేలను తాకే చోటుకు, చక్రం ఆనే చోటుకు నడుమ దూరం) మారుతది, నడక తీరే మారుతది. 15 వేలు సగం దూరంల ఒడుస్తయి.

లేత్_భాయ్ (మిర్యాలగూడ)
ఇరవై ఏండ్ల సంది ఫోర్కులు ఇప్పుతున్న, చెప్తున్న ఇనురి. ఎమ్యులేటర్లు గిమ్యులేటర్లు ఏం వద్దు. పాత ఆయిల్ పారబోసి 20డబ్ల్యూ40 ఇంజన్ ఆయిల్ పొయ్యి, స్ప్రింగు మీద 20 మి.మీ. స్పేసరు (చిన్న పైపు ముక్క) పెట్టు. ఠంగు బంద్. ఐదు వందలల్ల కథ ఖతం.

పాలమూరు_సస్పెన్షన్
భాయ్, పెద్దోళ్లు మీరు, కానీ గీ సలహాతోనే ఫోర్కులు ఆగమైతున్నయి. 10డబ్ల్యూ ఫోర్కు ఆయిల్ 40 డిగ్రీల కాడ 30, 40 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉంటది. 20డబ్ల్యూ40 అదే వేడికి వంద దాటుతది. ఈ ఫోర్కుల డ్యాంపర్ రాడ్డుకు (ఊపును ఆపే లోపలి కడ్డీకి) ఉన్నవి ఉత్త బొక్కలు. బొక్కలకెళ్లి ఆయిల్ పోయే వేగం రెండింతలైతే అడ్డు నాలుగింతలైతది. అందుకే బ్రేకు కొడితే సులువుగ మునిగిపోతది, పదునైన రాయికి మాత్రం కట్టెలెక్క బిగుసుకుంటది. చిక్కటి ఆయిల్ పోస్తే ఆ రెండో రోగం ఇంకా ముదురుతది.

లేత్_భాయ్
ఠంగు ఆగుతదా ఆగదా? అది చెప్పు ముందు. పుస్తకం తర్వాత సదువుదువు.

పాలమూరు_సస్పెన్షన్
ఆగుతది. దాని బదులు మణికట్లు పోతయి. రీబౌండ్ (దిగిన ఫోర్కు వాపసు లేచుడు) కూడా మందమైతది. వరుసగ నాలుగు రాళ్లు తగిలితే, మొదటి రాయికి దిగిన ఫోర్కు పైకి లేవకముందే రెండోది గుద్దుతది. నాలుగో రాయి కాడికి ట్రావెలే (ఫోర్కు దిగే దూరం) మిగలదు. అప్పుడు నిజంగనే అడుక్కు తగుల్తది. నీ మందుతోనే నీ రోగం.

దేవరకొండ_డర్ట్
ఇద్దరూ ఆగురి. అసలు అడుక్కు తగుల్తున్నదని ఎవరు తేల్చిన్రు? తమ్మీ, ఫోర్కు పైపుకు ఒక జిప్ టై కట్టి, డస్ట్ సీలు దాకా కిందికి దోపి, అదే రాళ్ల మీద ఒక చుట్టు తిరిగిరా. వచ్చినంక ముందు చక్రం లేపి, టై ఏడ ఆగిందో కొలువు. మొత్తం ట్రావెల్ 200 మి.మీ.

కోయిల్‌కొండ_రైడర్
నడుమ నాదొక డౌటు. ప్రోగ్రెసివ్ స్ప్రింగుల దగ్గర చుట్లు పైకి పెట్టాల్నా, కిందికా?

లేత్_భాయ్
కిందికే. ఎవడన్న పైకి పెడతడా?

పాలమూరు_సస్పెన్షన్
స్ప్రింగు ఎటు తిప్పినా బలం అదే. దగ్గర చుట్ల దిక్కు బరువెక్కువ, దాన్ని పైకి పెడితే చక్రంతోని ఊగే బరువు కొంచెం తగ్గుతది, అంతే. మాన్యువల్ల ఎట్లుంటే అట్ల పెట్టు, దీని మీద లొల్లి దండుగ.

ఎర్రమట్టి_21
జిప్ టై చూసిన. డస్ట్ సీలు నుంచి 145 మి.మీ. కాడ ఆగింది.

పాలమూరు_సస్పెన్షన్
అంటే ఇంకో 55 ఉన్నది. ఫోర్కు అడుక్కు దిగుతలేదు! ఆ ఠంగు ఆయిల్ బొక్కల కాడ బిగుసుకునుడు, లేకపోతే వాపసు లేచేటప్పుడు పైన కొట్టుకునుడు. భాయ్ చెప్పినట్టు 20డబ్ల్యూ40 పోస్తే ఏమయ్యేదో ఇప్పుడు సమజైందా?

లేత్_భాయ్
నా కాడికొచ్చిన బండి ఒక్కటి గూడ వాపస్ రాలే.

పాలమూరు_సస్పెన్షన్
వాపస్ రాలేదంటే బాగైందని కాదు భాయ్.

సాగర్_ట్రెయిల్స్
కొట్లాట పక్కకు పెట్టి పని చూడురి. ఎమ్యులేటర్ వేసే తీరు:
కింది అలెన్ బోల్టు ఇప్పేటప్పుడు స్ప్రింగు లోపలనే ఉంచి ఫోర్కును అదిమి పట్టాలె. లేకపోతే రాడ్డు ఎంబడే తిరుగుతది. ఇంపాక్ట్ గన్ ఉంటే రెండు సెకన్ల పని. రాడ్డు అడుగున ఉన్న కంప్రెషన్ (ఫోర్కు దిగేటప్పటి) బొక్కలను 8 మి.మీ.కి పెద్దగ జేసి, మొత్తం ఆరు అయ్యేటట్టు కొత్తవి కొట్టాలె. జంటలు జంటలుగ, ఒక జంటకు ఇంకో జంట అడ్డంగ, నడుమ 10 మి.మీ. ఎడం. పైన రింగు కాడున్న సన్న బొక్కలను మాత్రం ముట్టొద్దు, రీబౌండ్ మొత్తం వాటి చేతులనే ఉంటది. లోపల పొట్టు గీకకపోతే అదే సీలును తింటది. ఎమ్యులేటరు రాడ్డు నెత్తి మీద కూసుంటది, దాని మీద స్ప్రింగు. ఎమ్యులేటరు ఎంత ఎత్తుంటే స్పేసరు అంత కోసెయ్యాలె. ఇది మరిస్తే క్యాప్ పట్టదు. ఎమ్యులేటరు వాల్వు స్ప్రింగును 2 చుట్లు బిగించి మొదలుపెట్టు.

ఆయిల్ మి.లీ. లెక్కన పొయ్యకు. పోసినంక పదిహేను సార్లు మెల్లగ ఆడించి, పది నిమిషాలు ఆగి, స్ప్రింగు తీసేసి, ఫోర్కు పూర్తిగ అదిమి, పైపు అంచు నుంచి ఆయిల్ దాకా కొలువు. సెలైన్ పైపు తొడిగిన 50 మి.లీ. సిరంజి చాలు. పైపుకు 140 మి.మీ. కాడ టేపు చుట్టి ముంచి, ఎక్కువున్నది గుంజు. ఇగ గాలి తప్ప ఏం రాకపోతే లెవల్ కుదిరినట్టు. గట్టిపడాలంటే ఆయిల్ మట్టం 10 మి.మీ. చొప్పున పైకి తెచ్చుకుంట పో, అంటే 140 కాస్త 130 అయితది. ఫోర్కు రెండు కాళ్లల్ల సమానం ఉండాలె.

కోయిల్‌కొండ_రైడర్
ఆయిల్ 10డబ్ల్యూనా, 15డబ్ల్యూనా?

సాగర్_ట్రెయిల్స్
డబ్బా ముందున్న నంబరు నమ్మకు. ఒక కంపెనీ 10డబ్ల్యూ ఇంకో కంపెనీ 15డబ్ల్యూ అంత చిక్కగుంటది. వెనుక 40 డిగ్రీల సెంటీస్టోక్స్ చూడు. ఎమ్యులేటర్ వేసినంక ఆయిల్ రీబౌండ్ కోసమే.

జడ్చర్ల_ఆర్సీ
అందరూ బొక్కలు కొడుతున్రు, బండిని ఇష్టమొచ్చినట్టు మార్చొద్దనే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఎవరికి యాదికున్నది? 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసున్నది.

దేవరకొండ_డర్ట్
సైలెన్సర్లు, టైర్లు మార్చినోళ్లను వదిలి ఫోర్కు లోపలి వాల్వు పట్టుకుంటరా సారూ?

జడ్చర్ల_ఆర్సీ
యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోడు వెతుకుతడు. యూఎస్‌డీ అయితే దూరంకెళ్లే కనబడుతది. నా మాట గంతే.

ఎర్రమట్టి_21
నా చెమ్మ? నా కటక్? ఎవ్వరూ చెప్తలేరు!!

సాగర్_ట్రెయిల్స్
చెమ్మకు ముందుగాల డస్ట్ సీలు కిందికి దించి, పాత ఎక్స్‌రే ఫిల్మును కొక్కెంలెక్క కోసి సీలు చుట్టూ తిప్పు. మన ఎర్రమట్టి పొడి ఇరుక్కున్నా కారుతది. ఆగకపోతే పైపు మీద గోరు పెట్టి గీకు. గోరు తట్టుకునే గుంత ఉంటే 2000 నంబరు పేపరుతోని అంచు నున్నగ జెయ్యి. క్రోమ్ లేచిపోయినదానికి ఎన్ని కొత్త సీళ్లేసినా వేస్టు. కొత్త సీలు దించేటప్పుడు పైపు మూతికి పాలప్యాకెట్ కవరు తొడుగు, లేకపోతే అంచు కోసుకుపోతది.

లేత్_భాయ్
కటక్ నేను చెప్త, ఇది ఎవరూ కాదనలేరు. సెంటర్ స్టాండేసి ముందు చక్రం లేపు. ఫోర్కు బాటమ్‌లు (కింది గొట్టాలు) పట్టి ముందుకు, ఎనుకకు గుంజు. వేలు టీ కాడ ఆనిచ్చినప్పుడు తగుల్తే కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగులు) లూజు. హ్యాండిల్ మెల్లగ తిప్పితే నడుమ గుంతల పడ్డట్టు ఆగితే కోన్లు గీసుకుపోయినయి, బిగిస్తే కాదు, మార్చాల్సిందే. వేలు డస్ట్ సీలు కాడ తగుల్తే ఫోర్కు బుష్షులు. బ్రేకు పట్టినప్పుడే, క్యాలిపరు కాడ వినిపిస్తే ప్యాడ్లు. కోన్ సెట్టు లూజుండంగ ఎమ్యులేటర్లు వేసినా ఏం తెల్వదు నీకు.

పాలమూరు_సస్పెన్షన్
ఇది మాత్రం భాయ్ కరెక్టు చెప్పిండు. తమ్మీ, కోన్ సెట్టు ముందు చూడు. అయినంక నువ్వు ఎక్కి కూసుంటే ఫోర్కు 60, 65 మి.మీ. కుంగాలె. స్పేసరు 10 పెంచితే కుంగుడు దాదాపు 10 తగ్గుతది. అట్ల సరిజేసినంక మనిషి ఎక్కని ఉత్త బండి 20 కన్న తక్కువ కుంగుతున్నదంటే స్ప్రింగు మెత్తగున్నదని అర్థం.

లేత్_భాయ్
మెత్తగుంటే ఎక్కువ కుంగాలె కద? ఉల్టా చెప్తున్నవ్.

పాలమూరు_సస్పెన్షన్
మెత్తది కాబట్టే అంత స్పేసరు కుక్కాల్సొచ్చింది భాయ్. కుక్కినంక ఉత్త బండికి కుంగుడేది?

ఎర్రమట్టి_21
చూసిన. వేలు టీ కాడనే తగుల్తుంది. నడుమ గుంత గూడ ఉన్నది. రేపు కోన్ సెట్టు తెస్త.