చలికాలం మసకలో గోల్కొండ నుంచి దూరపు షాట్లు: ఏ ఫిల్టర్ వాడాలి?

బాలాహిస్సార్_వ్యూ:
డిసెంబరు సాయంత్రం నాలుగున్నరకు బాలాహిస్సార్ (కోట శిఖరం) మీద నుంచి 200 ఎంఎంతో గచ్చిబౌలి టవర్లు తీస్తే ముందు తెల్లటి తెర కట్టినట్టుంటోంది. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) మాత్రం ఓ మోస్తరే. యూవీ (అతినీలలోహిత కిరణాలను ఆపే) ఫిల్టరా, సీపీఎల్లా (తిప్పే పోలరైజింగ్ ఫిల్టర్)?

రా_ఫైల్:
ఏక్యూఐని నమ్ముకుని బయల్దేరకండి. అందులో పీఎం 2.5 (సన్నటి ధూళి కణాలు) లెక్క 24 గంటల సగటు. పైగా గాలిలో తేమ పెరిగితే అదే ధూళి కణం నీరు పట్టి ఉబ్బుతుంది, వెలుతురును ఇంకా ఎక్కువ చెదరగొడుతుంది. పొద్దున ఏడింటికి మసక దట్టంగా ఉండేది అందుకే.
శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మెటార్ (విమానాశ్రయ వాతావరణ నివేదిక, కోడ్ వీఓహెచ్ఎస్) చూడండి. గాలి వేగం తర్వాత వచ్చే నాలుగంకెలే విజిబిలిటీ (ఎంత దూరం కనిపిస్తుందో), మీటర్లలో. అది 4000 ఉంటే, నల్లటి వస్తువుకూ వెనక ఆకాశానికీ ఉండాల్సిన కాంట్రాస్ట్ (వెలుగు తేడా)లో కిలోమీటరు దూరాన 38 శాతం మిగులుతుంది, రెండు కిలోమీటర్లకు 14, నాలుగుకు 2. కుతుబ్‌షాహీ సమాధులు దగ్గరే కాబట్టి వస్తాయి. టవర్లు ఏడెనిమిది కిలోమీటర్లు, ఆ రోజు వాటిని వదిలేయడమే మేలు.

సీపీఎల్_చక్రం:
యూవీ ఫిల్టర్ దండగండీ, సెన్సర్ ముందున్న గ్లాసే యూవీని ఆపేస్తుంది. సీపీఎల్ సూర్యుడికి 90 డిగ్రీల దిశలో బాగా పనిచేస్తుంది. ఆ వేళకు గచ్చిబౌలి వైపు దాదాపు అంతే. కానీ కణాలు పెద్దవయ్యేకొద్దీ దాని ప్రభావం తగ్గిపోతుంది, ఒకటి ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే సగం) వెలుతురు మాత్రం పోతుంది. తిప్పి చూసి తేడా లేకపోతే తీసేయండి. హుడ్ (లెన్స్ ముందు పెట్టే నీడ తొడుగు) మాత్రం తప్పనిసరి.

సంధ్య_ఫ్రేమ్స్:
సన్‌సెట్ టైమ్‌కు వెళ్తే బంగారు రంగు దొరకదు, దట్టమైన మసకలో సూర్యుడు దిగంతం చేరకముందే పాలిపోయి మాయమవుతాడు. చెయ్యి చాచి పిడికిలి పట్టినంత ఎత్తులో, అంటే 10 డిగ్రీల దగ్గర ఉండగానే తీసేయాలి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 5500కే (కెల్విన్) దగ్గర లాక్ చేయండి, ఆటో ఆ నారింజ రంగును చంపేస్తుంది. సూర్యుడి వైపు తిరిగితే కెమెరా లైట్ మీటర్ మసక తెలుపు చూసి ఫ్రేమ్‌ను చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 ఇచ్చి హిస్టోగ్రామ్ (వెలుగు పంపిణీ గ్రాఫ్) కుడి అంచు తెగకుండా చూసుకోండి.

బాలాహిస్సార్_వ్యూ:
ఎడిటింగ్‌లో డీహేజ్ (మసక తగ్గించే స్లైడర్) ఎంత పెట్టొచ్చు అన్నా? 60 దాటితే ఆకాశంలో చారలు వస్తున్నాయి.

రా_ఫైల్:
జేపెగ్ అయితే అంతే, 8 బిట్లలో ఆ చిన్న తేడా సాగదీస్తే చారలు పడతాయి. రా (కెమెరా మూల డేటా ఫైల్)లో ఐఎస్ఓ 100తో ఒకే ఫ్రేమ్ ఎనిమిదిసార్లు తీసి, అలైన్ చేసి సగటు కట్టండి. నాయిస్ దాదాపు మూడో వంతుకు దిగుతుంది. ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి కాబట్టి కెమెరాను గోడకు ఆనించండి.
డీహేజ్ ఫ్రేమ్ అంతటికీ వద్దు. లెన్స్ ప్రొఫైల్ (లెన్స్ లోపాల దిద్దుబాటు) ఆన్ చేశాక (లేకపోతే మూలలు నల్లబడతాయి) దూరపు భాగానికే మాస్క్ వేసి 20–30. అపర్చర్ ఎఫ్/11 దాటితే సెన్సర్ మీది దుమ్ము మచ్చలు కూడా బయటపడతాయి, ఎఫ్/8 చాలు.

సంధ్య_ఫ్రేమ్స్:
మసక మరీ దట్టంగా ఉన్న రోజు పోర్ట్రెయిట్‌లు తీసుకోండి. కళ్ల కింద నీడలు మెత్తబడతాయి, వెనక గోడలు వాటంతటవే పలచబడతాయి. మనిషిని మూడు నాలుగు మీటర్లలోపే నిలబెట్టండి, చర్మం రంగు చెడదు.