ఇంగ్లిష్ ఉత్తర్వుల్లో ‘షల్’ ఉంచాలా, తీసేసి ‘మస్ట్’ రాయాలా?

నల్లసిరా:

ఇంగ్లిష్‌లో వెళ్లే ఆఫీసు ఉత్తర్వులు, సర్క్యులర్ల నమూనాలు తిరగరాసే పని ఈ మధ్య నా మీద పడింది. ‘షల్’ ఉన్న చోటల్లా కొట్టేసి ‘మస్ట్’ పెడదామన్నాను. పైవాళ్లు వద్దంటున్నారు, షల్ ఉంటేనే ఉత్తర్వుకు బరువట. నాకు మాత్రం ఆ మాట వల్లే ఉత్తర్వు బలహీనపడుతోందని గట్టిగా అనిపిస్తోంది.

పాత నమూనాలో మూడు వాక్యాలున్నాయి. ‘ది ఆఫీసర్ షల్ సబ్మిట్ ఎ రిపోర్ట్’, ‘దిస్ ఆర్డర్ షల్ కమ్ ఇంటూ ఫోర్స్ ఎట్ వన్స్’, ‘రిపోర్ట్ షల్ మీన్ ఎ రిటన్ రిపోర్ట్’. వీటిని తెలుగులో చెప్పి చూడండి. ఆఫీసరు నివేదిక ఇవ్వాలి. ఉత్తర్వు వెంటనే అమల్లోకి వస్తుంది. నివేదిక అంటే రాతపూర్వక నివేదిక. ‘ఇవ్వాలి’ లాంటి మాట మొదటి దాంట్లోనే వచ్చింది, మిగతా రెండింట్లో ఎవరి మీదా ఏ బాధ్యతా లేదు. తెలుగు విడదీసి చెప్పిన మూడు పనులనీ ఇంగ్లిష్‌లో ఒక్క షల్ మోస్తోంది, అందుకే చదివేవాడు నిజంగా తాను చేయాల్సిన చోట కూడా దాన్ని అలంకారం అనుకుని దాటేస్తాడు.

ఇక ‘నో పర్సన్ షల్ ఎంటర్’ చూడండి. షల్ అంటే బాధ్యత అని పట్టుకుని తర్కంగా చదివితే, లోపలికి వెళ్లాల్సిన బాధ్యత ఎవరికీ లేదని అర్థం వస్తుంది, వెళ్లకూడదని కాదు. ‘మస్ట్ నాట్ ఎంటర్’ అంటే ఆ పేచీ లేదు.

షల్‌ను కొందరు షుడ్ అన్న అర్థంలో, విల్ అన్న అర్థంలో, చివరికి మే అన్న అర్థంలో కూడా వాడుతుంటారని 1995లో అమెరికా సుప్రీంకోర్టే ఒక తీర్పులో రాసింది. 2005లో కాజిల్ రాక్ వర్సెస్ గొంజాలెస్ కేసు ఇంకా బాధాకరం. ఒక మనిషి దగ్గరికి రాకూడదని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వును పోలీసులు అమలు చేయడానికి తగిన ప్రతి ప్రయత్నమూ ‘షల్’ చేయాలని కొలరాడో చట్టంలో ఉంది. అలాంటి ఉత్తర్వు ఉన్నా తండ్రి పిల్లల్ని ఎత్తుకెళ్లాడని ఒక తల్లి పదే పదే చెప్పినా వాళ్లు కదల్లేదు, ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ షల్ ఒక్కటే ఉన్నంత మాత్రాన పోలీసులకు వేరే దారి లేదని అనలేమంటూ కోర్టు 7–2తో ఆమెకు వ్యతిరేకంగా తేల్చింది. ఇదేనా మనం చెప్పుకుంటున్న బరువు?

కొలబద్ద:

నల్లసిరా గారూ, తెలుగులో చెప్పి చూడమన్న పరీక్ష బాగుంది, కానీ ముగింపుతో నేను ఏకీభవించను. నేను ప్రమాణాల పత్రాలతో పనిచేస్తాను. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పత్రాల్లో షల్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే సిఫార్సు, మే అంటే అనుమతి, కెన్ అంటే వీలు. షల్‌కు బదులు మస్ట్ వాడొద్దని కూడా వాళ్ల నియమమే. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం తెచ్చి మస్ట్, షల్, రిక్వైర్డ్ మూడూ ఒకటే అని తేల్చేశారు. మొదటి పేజీలో అర్థం కట్టేసుకుంటే ఏ మాటైనా నిలబడుతుంది, కట్టుకోకపోతే మస్ట్ కూడా రేపు ఇలాగే అరిగిపోతుంది.

మీరు చెప్పిన కేసులో కూడా కోర్టు ఆసరా చేసుకున్నది పోలీసులకు ఎప్పటినుంచో ఉన్న విచక్షణాధికారాన్ని. తప్పనిసరిగా కనిపించే చట్టాల పక్కనే అది ఎప్పుడూ ఉంటూ వచ్చిందన్నారు. అక్కడ మస్ట్ ఉన్నా తీర్పు మారేదని నాకు నమ్మకం లేదు.

షల్ అలంకారమే అయితే 2015 డిసెంబరు 12న ప్యారిస్‌లో అంత టెన్షన్ ఎందుకు పడ్డారు? వాతావరణ ఒప్పందం 4వ అధికరణంలో, అభివృద్ధి చెందిన దేశాలు ముందుండి ఉద్గారాలు తగ్గించే లక్ష్యాలు పెట్టుకోవాలన్న చోట షల్ పడింది. అమెరికా ఒప్పుకోలేదు, సమావేశం ఆగిపోయింది, చివరికి అచ్చుతప్పు దిద్దినట్టుగా చదివి దాన్ని షుడ్ చేశాక గానీ ఒప్పందం ఆమోదం పొందలేదు.

అమెరికా సివిల్ ప్రొసీజర్ నియమాలను 2007లో తిరగరాసినప్పుడు షల్ అంతా ఏరేశారు. పూర్తి విచారణ లేకుండానే తీర్పు ఎప్పుడివ్వాలో చెప్పే 56వ నియమంలో దాని స్థానంలో షుడ్ పెట్టారు. అర్థం మారిపోతోందన్న ఆందోళనతో 2010లో మళ్లీ షల్‌నే తెచ్చి పెట్టారు.

పాతఫైలు:

మీరిద్దరూ ఒక్క క్రియ దగ్గరే ఆగిపోయారనిపిస్తోంది. మర్యాద కోసం చేర్చే మాటలు అంతకంటే ఎక్కువ చెడగొడతాయి. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 జులై 1న గెటిస్‌బర్గ్‌ దగ్గర దక్షిణాది సేనాని జనరల్ లీ, వీలైతే ఆ గుట్ట పట్టుకోమని, మిగతా బలగాలు వచ్చేదాకా పెద్ద పోరాటానికి దిగొద్దని తన కింది జనరల్ యూయెల్‌కు చెప్పాడు. యూయెల్‌కు వీలుగా అనిపించలేదు, గుట్ట శత్రువు చేతిలోనే ఉండిపోయింది. ‘ఇఫ్ ప్రాక్టికబుల్’, ‘ఈజ్ రిక్వెస్టెడ్ టు’ లాంటివి ఉంటే షల్ పెట్టినా మస్ట్ పెట్టినా ఒకటే. ‘ఎన్‌జాయిన్’ అయితే మరీ ప్రమాదం, చేయమని చెప్పడానికీ అదే, చేయొద్దని ఆపడానికీ అదే. నా మాట అడిగితే ముందు వాటిని ఏరేయండి.

నల్లసిరా:

పాతఫైలు గారూ, ‘ఈజ్ రిక్వెస్టెడ్ టు’ మా నమూనాల్లో బోలెడు, ఈ రోజే గుర్తు పెట్టుకున్నాను, అవన్నీ పోతాయి.

కొలబద్ద గారూ, మస్ట్ ఉంటే ఆ తల్లి గెలిచేదని నేను ఇక అనను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. 56వ నియమం సంగతి కూడా ఒప్పుకుంటాను, ఎన్నో ఏళ్ల తీర్పులతో అర్థం స్థిరపడిన చోట మాట మారిస్తే కొత్త గొడవలు మొదలవుతాయి. కానీ ప్యారిస్ నా వాదనకే బలమిస్తుంది. అక్కడ షల్, షుడ్ పక్కపక్కన పెట్టి ప్రతి అక్షరం తూచే దౌత్యవేత్తలు, లాయర్లు ఉన్నారు. మీ ఐఎస్ఓ పత్రం చదివే ఇంజనీరుకు కూడా ఆ నిర్వచనం తెలుసు. మా సర్క్యులర్ చదివేది పని ఒత్తిడిలో ఉన్న గుమాస్తా, అందులో నిర్వచనాల పేజీ ఉండదు, పెట్టినా తిప్పి చూసే తీరిక ఆయనకు లేదు. రోజువారీ మాటల్లో షల్ ఆయన వాడడు, మస్ట్ వాడతాడు. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగమే బాధ్యతలు చెప్పేచోట మస్ట్ రాసుకుంది. రాజ్యాంగానికి తగ్గని బరువు మా సర్క్యులర్‌కు తగ్గుతుందా?

అందుకని ఇలా ప్రతిపాదిస్తున్నాను: పాత చట్టం నుంచి యథాతథంగా ఎత్తి రాసిన వాక్యాల్లో షల్ ముట్టుకోను. మేం సొంతంగా రాసే ప్రతి ఆదేశంలో ఎవరు చేయాలో ముందు, తర్వాత మస్ట్, ఆ తర్వాత గడువు. నివేదిక ‘షల్ బి సబ్మిటెడ్’ అని రాసి ఎవరివ్వాలో చెప్పకుండా వదిలేసిన వాక్యాలు ఒక్క నమూనాలోనే నాలుగు దొరికాయి, ఆ నాలుగింటికీ ఇప్పుడు బాధ్యుల హోదా అడిగి రాస్తున్నాను.

కొలబద్ద:

కర్త పేరు ముందు పెట్టడం మాత్రం నేనూ పూర్తిగా సమర్థిస్తాను. అయితే ఎత్తి రాసిన షల్, మీ మస్ట్ ఒకే కాగితంలో పడితే రెండింటికీ తేడా ఉందని ఎవరో ఒకరు వాదిస్తారు. ఎత్తి రాసిన భాగాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఏ చట్టం, ఏ సెక్షనో పక్కనే రాయండి.

నల్లసిరా:

అది నాకు తట్టలేదండి. చేరుస్తున్నాను.